మామ చెవి డబ్బీలు

మా ఆవిడ తండ్రికి చెవుడు. పుట్టుకతో వచ్చింది కాదు, మగ్గం ఇచ్చింది. ఎమ్మిగనూరు నేతవాళ్ల వీధిలో పుట్టి, మీసాలు రాకముందే గుంట మగ్గంలో కాళ్లు దింపి కూర్చున్న మనిషి. పోగును మోసుకుపోయే నాడె అటు పోతే టక్, ఇటు వస్తే టక్. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా అదే మోత. చుట్టుపక్కల ఇళ్లలోనూ అదే మోత. ఆ చెవులు మాత్రం ఎంతకాలమని ఓర్చుకుంటాయి? నేను అల్లుణ్ణయి ఆ గడప తొక్కేనాటికి, పక్కన నిలబడి గొంతు చించుకుంటే తప్ప ఆయనకు మాట ఎక్కేది కాదు.

అరవడం నాకు కష్టమేమీ కాదు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో మోటార్లు చూసుకునే పని నాది. మెల్లగా మాట్లాడటమే నాకు చేతకాదు. దానికి తోడు నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ రెండు ఊళ్లలోనూ చాటింపు వేసి పెట్టింది. మామా అల్లుళ్లం మాట్లాడుకుంటుంటే కొట్లాడుకుంటున్నామనుకుని దారిన పోయేవాళ్లు తొంగి చూసేవాళ్లు. "ఏం ల్యాప్పా, బాగుండావా అని అడుగుతాండాడు, అంతే" అని ఎదురింటాయన వాళ్లకు సర్దిచెప్పి పంపేవాడు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చి, కర్నూలు రాజధాని అయిందని అందరూ మురిసిపోతున్న రోజులవి. ఒక సెలవు పూట మేమిద్దరం బస్సెక్కి ఎమ్మిగనూరు పోతే, మామ నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఒక మాట అడుగుతా. నవ్వగూడదు."

"అడుగు మామా."

"మీ అత్త నాతో మాట్లాడి శానా ఏండ్లాయ."

నాకు అర్థం కాలేదు. "ఏం, కొట్లాడినారా?" అని ఆయన చెవిలో అరిచాను.

"కొట్లాట యాడిది? నాకు ఇనపడాలంటే అరసాల. ఆమె అరసదు. అన్నం తినమనాలంటే మగ్గం గుంజ మీద తడ్తాది. నీళ్లు కావాల్నా అంటే చెంబు సూపిస్తాది. పనులన్నీ జరుగుతాండాయి. మాట మాత్రం ల్యా." ఆయన నాడెను ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు మిలిటరీలో టెలిపోన్ల పని సేసినోనివి గదా. నా చెవికి ఏమన్నా సెయ్యప్పా. మీ అత్త మెల్లగా మాట్లాడితే నాకు ఇనపడాల. ఊర్లో వాళ్ల మాటలు నాకొద్దు. ఆమె మాట ఒక్కటి సాలు."

గుసగుసగా చెబుతున్నాననుకుని ఆయన అన్న ఈ మాటలు వీధి చివరిదాకా వినపడి ఉంటాయి. లోపల వంటింట్లో నూలు కండెలు చుట్టే రాట్నం ఆగిపోయింది. మళ్లీ తిరగడానికి చాలాసేపు పట్టింది.

మా అత్త గురించి నాకు తెలిసింది ఆ రాట్నం చప్పుడు, గాజుల చప్పుడు, అంతే. మా వాళ్లలో అత్త అల్లుడి ఎదుట పడదు. అల్లుడు ఇంట్లో ఉన్నాడంటే ఆవిడ గొంతు కూడా గడప దాటకూడదు. వండేది ఆవిడ, తెచ్చి వడ్డించేది కూతురు. "ఇంకొంచెం వేసుకోమను" అన్న మాట కూడా ముందు కూతురి చెవిలో పడి, తర్వాత కూతురి నోట్లోంచి నా దగ్గరికి వచ్చేది. బిడ్డలు పుట్టాక కూడా ఆవిడ ముఖం నేను సరిగా చూసింది లేదు. అది మర్యాద. అందులో నాకు వింతేమీ తోచలేదు, అడ్డం కూడా తోచలేదు.

ఆదోనిలో పాత ఇనుము అమ్మే అంగడి ఒకటుండేది. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వదిలించుకున్న సామానంతా ఎక్కడెక్కడినుంచో అక్కడికి చేరేది. నీళ్ల సీసాలు, బూట్లు, బెల్టులు, వాటి అడుగున టెలిఫోను తీగల చుట్టలు. చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోను కావాలంటే, ఆ అంగడి సాయిబు ఒక గోనెసంచి తెచ్చి నా ముందు గుమ్మరించాడు. "ఎత్తుకో భాయ్, అసల్ మాల్. ఇవి పెట్టుకోని ఎవురెవురు ఏమేం ఇన్న్యారో, ఆ ఖుదాకే మాలూమ్" అన్నాడు.

మంచిది ఒక్కటీ లేదు. ఒకదానికి తలపట్టీ విరిగింది, ఒకదానికి మూత పగిలింది, ఒకదాని తోలు మెత్తను ఎలుకలు కొరికేశాయి. నాలుగైదు విరిగినవాటిని కలిపి ఒకటి చేయాలి. ఇంటికి తెచ్చి పంచలో చాప పరచుకుని కూర్చున్నాను. మూత తిప్పి తీస్తే లోపల పల్చటి ఇనుప రేకు. దాని కింద అయస్కాంతం. అయస్కాంతం కొమ్ములకు వెంట్రుకంత సన్నటి తీగ చుట్టిన చిన్న చుట్టలు. తీగలో కరెంటు ఎక్కువా తక్కువా అవుతుంటే రేకు అదురుతుంది, ఆ అదురే మాట. టెలిఫోనులో మనం మాట్లాడే డబ్బీ ఉంటుంది చూడండి, అదీ ఒకటి ఆ అంగట్లోనే ఏరుకొచ్చాను, అందులో బొగ్గు పలుకులు పోసి ఉంటారు. మాట తగిలినప్పుడల్లా అవి బిగిసీ వదులయ్యీ కరెంటును మారుస్తాయి. రెంటికీ మధ్యన టార్చి సెల్లులు. ఇక్కడ మెల్లగా మాట్లాడితే అక్కడ చెవిలో గట్టిగా వస్తుంది. మైళ్ల దూరం పోయే మాట వంటింట్లోంచి మగ్గందాకా రాదా? నా అంత తెలివైనవాడు ఆదోని తాలూకాలోనే లేడనుకున్నాను.

తుప్పంతా కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. "వంటింట్లో దీపానికుంచిన కిరసనాయిలంతా నువ్వే తాగినావా?" అని మా ఆవిడ సాధించింది. తోలు మెత్తల బదులు ఆమె పాత రవిక గుడ్డలో దూది కూరి కుట్టి ఇచ్చింది. ఆదోనిలో దూదికి కరువా! ఇక మిగిలింది తీగ చుట్టలు. అవన్నీ తెగిపోయి ఉన్నాయి. బళ్లారి నుంచి సన్న రాగితీగ తెప్పించి కొత్తగా చుట్టబోతే, నా మోటు చేతుల్లో అది పుటుక్కు పుటుక్కుమని తెగుతోంది. ఆ తీగ ఉండను కూడా సంచిలో వేసుకుని మా ఆవిడతో కలిసి ఎమ్మిగనూరు పోయాను.

మామ తీగను వేళ్ల మధ్య పెట్టి చూసి నవ్వాడు. "ఇంతేనా? ఇది మా ఇంట్లో పనే గదప్పా. ఇట్లియ్యి." కూతుర్ని పిలిచి లోపలికి పంపించాడు. రాట్నం తిరిగింది. మా అత్త చుట్టి పంపిన చుట్టలను వెలుతురుకు పెట్టి చూశాను. ఒక వరస మీద ఒక వరస, ఎక్కడా సందు లేదు, ఎక్కడా గుట్ట లేదు. ఫ్యాక్టరీలో మరమీద చుట్టినా అంత నీటుగా రాదు. మురిసిపోయి బిగించి, సెల్లు తగిలించాను. చప్పుడు లేదు.

టార్చి బల్బు పెట్టి చూశాను. వెలగలేదు. తీగ ఎక్కడా తెగలేదు, మొదలు కనబడుతోంది, చివర కనబడుతోంది, మధ్యలో కరెంటు ఎక్కడికి పోతోంది? అటు తిప్పాను, ఇటు తిప్పాను. సెల్లులు మార్చాను. చివరలు మళ్లీ బ్లేడుతో గీకాను. నా తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి చుట్టంతా విప్పుతూ పోతే, గోటికి సన్నగా ఏదో తగిలింది. ముడి! కొంతదూరం పోతే ఇంకో ముడి. తీగ తెగినచోటల్లా ఆవిడ నేతవాళ్ల ముడి వేసి చుట్టుకుంటూ పోయింది. పోగు తెగితే వాళ్లు వేసే ముడి అది, కంటికి ఆనదు, లాగితే ఊడదు. కానీ ఆ తీగ మీద కరెంటు బయటికి పోకుండా వార్నిషు పూసి ఉంటుంది. అది గీకకుండా ఎంత గట్టిగా ముడేసినా రాగికి రాగి తగలదు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముడి వెయ్యొద్దని సెప్పు మీ అమ్మకు! తెగితే గీకమను, గీకి మెలేయమను!" అని కూతురి మీద అరిచాను.

లోపల గుసగుస. కూతురు బయటికొచ్చి, "ముడి ఊడిందా అని అడుగుతాంది."

"ఊడలే! ఊడకపాయనే అని నా ఏడుపు!"

మళ్లీ గుసగుస. "ఊడకుంటే ఇంకేం కావాల అంటాంది."

ఏం చెప్పను? మనిషి ఎదురుగా ఉంటే చేత్తో చూపించవచ్చు. గోడకు అటువైపు ఉన్న మనిషికి కరెంటు ఎట్లా పోతుందో ఎవరు చెప్పగలరు? మొత్తానికి కూతురికి గీకడం నేర్పి లోపలికి పంపితే, తల్లీకూతుళ్లు కలిసి మళ్లీ చుట్టారు. బల్బు వెలిగింది.

ఆ రోజు ఆ వీధిలో పండగే. మామ తలకు హెడ్‌ఫోను తగిలించి, నోటి డబ్బీ నా చేతిలో పెట్టుకుని, నా జన్మలో ఎప్పుడూ లేనంత మెల్లగా "మామా" అన్నాను. ఆయన ఉలిక్కిపడి నాడె కింద పడేశాడు. "ఓయప్పా! తలకాయలోనే మాట్లాడ్తాండావే!" మగ్గాలు వదిలి అందరూ వచ్చారు. వాటికి చెవి డబ్బీలని పేరు పెట్టింది వాళ్లే. ఒక్కొక్కరూ డబ్బీ తీసుకుని ఏదో ఒకటి అన్నారు. ఎదురింటాయన డబ్బీ దగ్గర ఉన్న సంగతి మరిచి, "ఈ ముసలోనికి ఈ వయసులో సోకు జూడు" అని పక్కాయనతో అన్నాడు. "ఇనపడిందిలే నీ మాట! నీకన్నా రెండేండ్లు సిన్నోన్ని నేను!" అని మామ అందుకునేసరికి వీధంతా ఘొల్లుమంది. నా ఛాతీ రెండింతలైంది.

అందరూ పోయాక, మామ గొంతు సవరించుకుని, పంచె సర్దుకుని, మగ్గం గట్టుమీద కుదురుగా కూర్చున్నాడు. "ఇంక మీ అత్తకియ్యి" అన్నాడు. పెళ్లిచూపుల్లో కూర్చున్నవాడిలా చెమటలు పడుతున్నాయి ఆయనకు. తీగ పొడుగ్గా వదిలి, నోటి డబ్బీని కూతురి చేత వంటింట్లోకి పంపాను. నేను మామ పక్కనే కూర్చుని, సెల్లుల దగ్గర వేళ్లు పెట్టుకుని చూస్తున్నాను.

"మాట్లాడే!" అని మామ కేక వేశాడు.

కొంతసేపయింది. మామ కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి నా వైపు చూశాడు.

"ఊపిరి వస్తాందప్పా. మాట రాలే."

అదేమిటి? ఊపిరి వచ్చినప్పుడు మాట ఎందుకు రాదు? డబ్బీ తెప్పించి నేను మాట్లాడాను. వినపడింది. మా ఆవిడ మాట్లాడింది. ఆమె గొంతు సంగతి చెప్పక్కర్లేదు, మామ రెండు చేతులతో డబ్బీలు పట్టుకుని ఊడబెరికినంత పనిచేశాడు. మళ్లీ వంటింట్లోకి పంపాను. ఊపిరి. మాట లేదు. ఆ యంత్రం నా మాట మోస్తుంది, నా పెళ్లాం మాట మోస్తుంది, ఊరివాళ్ల మాటలన్నీ మోస్తుంది, ఒక్క మా అత్త మాటే మోయదు! ఇట్లాంటి యంత్రం ప్రపంచంలో ఎక్కడన్నా ఉంటుందా?

అక్కడినుంచి నాకు పిచ్చి పట్టింది. ఆదోనికి తీసుకుపోవడం, విప్పడం, ఏదో ఒకటి మార్చడం, బస్సెక్కి ఎమ్మిగనూరు తేవడం, "ఊపిరి వస్తాంది, మాట రాలే" అనిపించుకుని మళ్లీ సంచిలో వేసుకుని పోవడం. ఆడవాళ్ల గొంతు సన్నం కదా, రేకు మందమై ఉంటుందనుకున్నాను. బిస్కెట్ల డబ్బా కత్తిరించి ఇంకా పల్చటి రేకు వేశాను. రేకు అయస్కాంతానికి ఎడమైందేమోనని కింద ఎత్తుకు పెట్టిన కాగితాలు తీసేశాను. దగ్గరైపోయి రేకు అతుక్కుపోయింది. మళ్లీ ఒక కాగితం వేశాను. బొగ్గు పలుకులు తడిశాయేమోనని ఎండలో పెట్టాను. బస్సులో కండక్టరు నన్ను చూస్తేనే, "ఏమన్నా, అత్త పలికిందా?" అని అడిగేవాడు. ఒళ్లు మండిపోయేది. 

తీగ పొడుగైతే మాట నీరసపడుతుంది కదా, అదే కారణమని ఒకసారి నాకు తోచింది. తీగ సగానికి కోసేశాను. ఇప్పుడు డబ్బీ వంటింటి లోపలికి పోదు, గడప దగ్గరికే వస్తుంది. తలుపు చాటున కూర్చుని మాట్లాడమని చెప్పించాను. నాకూ ఆవిడకూ మధ్య ఒక్క తలుపు రెక్క. గాజులు వినపడుతున్నాయి. ఇంత దగ్గరినుంచి మాట రాకపోతే నా పేరు మార్చుకుంటాననుకున్నాను.

మామ చెవులొగ్గి విన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది.

"ఇప్పుడు ఊపిరి గుడ రాలేదప్పా."

నాకు దిమ్మ తిరిగింది. తీగ తగ్గితే మాట పెరగాలి. ఇది తగ్గింది. నేను మిలిటరీలో నేర్చుకున్నదంతా తప్పా? నాకు అసలు ఏమీ తెలియదా? ఆ డబ్బీలు నేలకేసి కొడదామని ఎత్తాను కూడా.

మామ నా చేయి పట్టుకున్నాడు. "పోనీలేప్పా," అన్నాడు. "నీ తప్పు కాదు. నాకు రాసిపెట్టి ల్యా. ఊరోళ్ల మాటలు ఇనపడ్తాండాయి, అదే శానా అనుకుంటాలే." అట్లా అంటూనే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ముసలాయన అట్లా తుడుచుకుంటే చూడలేకపోయాను. నాకూ ఏడుపొచ్చింది, ఆ ఏడుపు కోపంగా మారి మా ఆవిడ మీదికి పోయింది.

"మీ అమ్మకు మాటలొస్తాయా, రావా? ఆమాట సెప్పు ముందు!"

మా ఆవిడ నన్ను చెయ్యి పట్టి వీధిలోకి లాక్కొచ్చింది. "మా అమ్మ మాట్లాడల్యా," అంది. "ఒక్కసారి గుడ మాట్లాడల్యా. నువ్వు ఆడ ముందరనే గుడ్లప్పగిచ్చి కూసుంటే ఆమె ఎట్ల మాట్లాడ్తాది? పైగా తీగ కోసి నీ పక్కలోకే తెచ్చి కూసోబెడ్తివి! అల్లుని ముందర మొగునితో మాట్లాడమంటే ఆమెకు సిగ్గు గాదూ?"

"మరి ఇన్నిరోజులు నాకు ఎందుకు సెప్పల్యా?"

"నీకు తెల్సనుకుంటి. ఎవురికైనా తెలిసే సంగతే గదా ఇది!"

నాకు తెలియలేదు. నేను యంత్రం వైపే చూశాను. అందులో ఏ చిన్న తీగ ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలను. నేను అక్కడ కూర్చోవడం కూడా తీగ తెగడం లాంటిదేనని నా బుర్రకు తట్టలేదు. 

తీగకు మళ్లీ అతుకు వేసి పొడుగు చేసి, నోటి డబ్బీ కూతురి చేతికిచ్చి, నేను వీధి దాటి ఎదురింటి అరుగుమీద కూర్చున్నాను. మా ఆవిడ కూడా డబ్బీ తల్లికిచ్చి, తలుపు చేరవేసి, నా పక్కకు వచ్చి కూర్చుంది. ఎదురింటాయన మగ్గం టకటకలాడుతోంది. పట్టపగలు. ఎండ చుర్రుమంటోంది.

కొంతసేపటికి లోపలినుంచి మామ కేక. "ఆఁ! ఇనపడ్తాందే! ఇనపడ్తాందే నీ మాట!"

నేను లేచి గంతేశాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది, నవ్వుతోంది, కళ్లల్లో నీళ్లు. మామ మాటలే మాకు వినపడుతున్నాయి. చెవుడున్న మనిషి కదా, మెల్లగా మాట్లాడటం ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. "ఊఁ... ఊఁ... సెప్పు... నేను ఇంటాండాలే..." తర్వాత, "ఏందీ?"

ఆ గొంతు మారింది.

"యాడ?... గడ్డనా?... రొమ్ములోనా? ఎప్పట్నుంచి?... పోయిన శివరాత్రి నుంచా? నెత్తురు గుడ వస్తాందా?"

ఆవిడ ఎవరి చెవినా పడకుండా ఊపిరంత మెల్లగా చెప్పుకున్న మాట, ఆయన నోట్లోంచి వీధంతటికీ వినపడింది. ఎదురింటి మగ్గం ఆగింది. దాని పక్కది ఆగింది. మా ఆవిడ ఒక్క పరుగున వీధి దాటి తలుపు తోసింది. నేనూ వెనకే పోయాను, మర్యాద గుర్తే రాలేదు. మా అత్త రెండు చేతులతో మొగుడి నోరు మూసి నిలబడి ఉంది. ఆయన ఆ చేతుల వెనకనుంచి ఇంకా ఏదో అరుస్తూనే ఉన్నాడు.

"నాకన్నా సెప్పకూడదామ్మా? ఇన్ని రోజులు ఎందుకు దాసి పెట్టుకుంటివి?" అని కూతురు ఏడ్చింది.

"నీకు సెప్పి బయపెట్టేదెందుకనుకుంటి," అంది మా అత్త. "ఆయనకు సెప్దామంటే, అరిసి సెప్పే మాటనా అది?"

ఆవిడ గొంతు నేను వినడం అదే మొదలు.

మర్నాడే బయలుదేరాం. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి బస్సు, ఆదోని నుంచి గుంతకల్లు మీదుగా బళ్లారికి రైలు. మామ డబ్బీలు తలకు పెట్టుకునే వచ్చాడు, సెల్లులు గుడ్డసంచిలో భుజాన వేసుకున్నాడు. మా అత్త నోటి డబ్బీని కొంగు లోపల పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి, దారి పొడుగునా మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు, ఆయన జవాబులే తెలుసు. "అవునా? ఆయప్ప ఎప్పుడు సచ్చిపోయ?" "మన బర్రె దూడనేనా?" "నేనెప్పుడంటి ఆ మాట? అనలే!" "అన్న్యానా? అయితే తప్పేలే." ఇన్నేళ్ల కబుర్లు ఒక్క రైలులో చెప్పేస్తోంది ఆవిడ. పెట్టెలో జనం నవ్వుకున్నారు. రైలు కుదుపుకు బొగ్గు పలుకులు గడ్డకట్టినప్పుడల్లా ఆయన నా వైపు చేయి చాపేవాడు, నేను డబ్బీని నాలుగు తట్లు తట్టి ఇచ్చేవాణ్ణి. మేము ఎందుకు పోతున్నామో కూడా మరిచిపోయి సంతోషపడ్డాను. అది సంతోషపడే సమయమా కాదా, నాకిప్పటికీ తెలియదు.

బళ్లారి ఆసుపత్రిలో పరీక్షలన్నీ అయ్యాక, ఆవిణ్ణి ఆడవాళ్ల వార్డులో మంచం మీద ఉంచి, డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు. మామ కూడా మంచం దగ్గరినుంచి నోటి డబ్బీ తీసుకుని మా వెనకే వచ్చాడు. డాక్టరు ఆయన తలమీది డబ్బీల వైపు ఒకసారి చూసి, "ఈయనకు చెప్పవచ్చా?" అని నన్ను అడిగాడు. చెప్పమనాలా, వద్దనాలా? ఈలోగా మామే చేయి చాపి డబ్బీని డాక్టరు నోటి దగ్గర పెట్టాడు.

"సెప్పండి సామీ. నాకు ఇనపడ్తాది."

డాక్టరు కొంచెం వంగి, అందులోకి చెప్పాడు. "బాగా ఆలస్యమైంది పెద్దాయనా. చంకలోకీ, లోపలికీ పాకిపోయింది. ఇప్పుడు కోసినా లాభం లేదు. నొప్పికి మందిస్తాను. ఇంటికి తీసుకుపోయి, ఆమెకు ఇష్టమైనవి పెట్టి చూసుకోండి."

మామ తల ఊపాడు. "ఇనపడింది సామీ" అన్నాడు. ఆయన అంత మెల్లగా మాట్లాడగా నేను ఎన్నడూ వినలేదు.

వార్డులోకి వచ్చాం. మా అత్త దిండుకానుకుని కూర్చుని ఉంది. నేను పక్కనే ఉన్నా ఈసారి ముఖం తిప్పుకోలేదు. చేయి చాపి, మామ చేతిలోంచి నోటి డబ్బీ తీసుకుని పెదవుల దగ్గర పెట్టుకుంది.

"ఏమన్న్యాడు డాక్టరు?"

మామ తలమీదనుంచి డబ్బీలు తీసేశాడు.

"ఏమో. ఒక్క ముక్క ఇనపడల్యా," అని వార్డంతా వినపడేట్టు అన్నాడు. "ఈ మిషను మల్లా సెడిపోయిందే." డబ్బీలు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "సూడప్పా, యాడ తెగిందో."

మా అత్త నా వైపు చూసింది. నేను సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి. రేకులు సరిగ్గా ఉన్నాయి. సెల్లులు కొత్తవి. అయినా ఒక్కొక్క మరా విప్పుతూ, తల వంచుకుని వెతుకుతూ కూర్చున్నాను.